వక్కపొడి రంగు పిట్ట

ఆ రోజుల్లో మా వైపు ఏది జరిగినా ముందు ఫ్లెక్సీ పడేది. పిల్లకి చెవులు కుట్టించినా, పిల్లాడు పరీక్షలో ఏదో ఒక ర్యాంకు తెచ్చుకున్నా, వార్డు మెంబరుగారు కంటి ఆపరేషన్ చేయించుకుని క్షేమంగా ఇంటికి తిరిగొచ్చినా, సెంటర్లో ఎదుటి షాపుల బోర్డులు కనబడకుండా ఒక ఫ్లెక్సీ కట్టేవారు. ఇప్పుడు తగ్గిందా అంటే, తగ్గలేదు. పోయినేడాది మా ఆయన పోయినప్పుడు, మనిషిని ఆస్పత్రి నుంచి ఇంకా ఇంటికి తీసుకురాకముందే దూరపు బంధువు ఒకాయన ఫోన్ చేసి, "నవ్వుతున్న ఫొటో ఉంటే పంపండమ్మా, సెంటర్లో వేయిద్దాం" అన్నారు. లేదని చెప్పాను. (ఉంది. చాలా ఉన్నాయి.) జరిగినదాన్ని ఫ్లెక్సీ మీదకి ఎక్కించడం లోకం పద్ధతి. ఫ్లెక్సీ మీదకి ఎక్కింది గనక అది జరిగి తీరాలనడం నేను మొదట ఉద్యోగం చేసిన కాలేజీ పద్ధతి. ఎండుటాకుల కింద పురుగులు ఏరుకుంటూ తన పని తాను చూసుకునే ఒక చిన్న పిట్ట ఆ రెండో పద్ధతికి ఎలా దొరికిపోయిందో, దాంతోపాటు నేనెలా దొరికిపోయానో చెబుతాను.

రాజమండ్రి అవతల పొలాల మధ్య ఉండేది ఆ కాలేజీ. తణుకు వైపు రైసు మిల్లు నడిపి, ధాన్యం కంటే డిగ్రీలు త్వరగా ఆరతాయని గ్రహించిన పెద్దమనిషి ఒకాయన దాన్ని పెట్టారు. ఆయన్ని అందరూ కరస్పాండెంట్ గారు అనేవారు. ఆయన మమ్మల్ని పేర్లతో పిలిచేవారు కారు, సబ్జెక్టులతో పిలిచేవారు. నేను జువాలజీ. పార్ట్ టైం లెక్చరర్ని. పార్ట్ టైం అంటే పని పూర్తిగా, జీతం కొంచెంగా, సెలవుల్లో ఆ కొంచెం కూడా లేకుండా. పోస్టు రెగ్యులర్ చేస్తానని నేను చేరిన రోజే ఆయన మాటిచ్చారు. చెయ్యకపోతే నాకు మిగిలింది మెయిన్ రోడ్డులో మా అన్నయ్య మ్యాచింగ్ సెంటరు. కాలేజీ లేని రోజుల్లో ఎలాగూ అక్కడే ఉండేదాన్ని, చీరలకి జాకెట్టు ముక్కలు కలుపుతూ. కొట్టు నిండా జనం ఉన్నప్పుడు మా అన్నయ్య కావాలనే గట్టిగా, "ఎమ్మెస్సీ గారూ, ఆ మెంతాకు రంగు తాను కాస్త దించుతారా" అనేవాడు. వచ్చినవాళ్లు నా మొహం చూసి, "చదువుకుందా పాపం" అనేవారు. ఆ 'పాపం' వినకుండా బతకడానికి నాకా పోస్టు కావాలి. అంతకు మించి గొప్ప ఆశయం ఏమీ లేదు.

ఒకరోజు కరస్పాండెంట్ గారు గదికి పిలిపించారు.

"కూర్చో జువాలజీ. తనిఖీకి కమిటీ వస్తోందమ్మా. అందులో ఒకాయనకి పిట్టలంటే ఇష్టమంట. మనకి పిట్టలున్నాయా?"

"కాలేజీలోనాండి?"

"ఎక్కడైనా సరే."

"కాకులు, గోరింకలు ఉన్నాయండి. పంటబోదె దగ్గర కొంగలు."

"అవి అందరికీ ఉంటాయమ్మా. అరుదైంది కావాలి. చిన్నదైనా పర్లేదు."

అక్కడ నేను నోరు మూసుకుని ఉండవలసింది. కానీ అప్పట్లో నేను లైబ్రరీలో పక్షుల పుస్తకాలు తెగ చదివి, చదివినదాన్ని ఎవరికి చెప్పాలో తెలియక తిరుగుతున్న మనిషిని. మారేడుమిల్లి కొండల్లో ఒక పిట్ట ఉందని చెప్పాను. పఫ్ థ్రోటెడ్ బాబ్లర్ అని ఇంగ్లీషు పేరు. పిచ్చుక కంటే కాస్త పెద్దది. వెదురు పొదల కింద, వాగుల పక్కన, నేల మీదే తిరుగుతుంది. పైకి ఎగరడం తక్కువ. పాడేటప్పుడు తెల్లటి గొంతు బూరెలా పొంగుతుంది కాబట్టి ఆ పేరు. (అప్పటికి నేనే దాన్ని చూడలేదు. ఆ మాట ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.)

"అరుదైందేనా?"

"అరుదేం కాదండి. సిగ్గెక్కువ. మనిషి అలికిడైతే పొదలోకి పోతుంది. చాలామందికి కనబడదు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "కనబడకపోతే అరుదైనట్టే కదమ్మా. పట్టుకొద్దాం."

"పట్టుకోకూడదండి. చూడాలి."

"సరే, చూద్దాం. దాంతో అందరం నిలబడి ఒక గ్రూప్ ఫొటో తీయించుకుందాం. నీ పోస్టు సంగతి నేను చూసుకుంటాను."

కార్తీక మాసంలో ఒక ఆదివారం ఖాయం చేశారు. ఎందుకంటే కాలేజీ వాళ్లకి ఎలాగూ వనభోజనాలు పెట్టాలి, డీజిల్ ఖర్చు ఒకసారే అవుతుంది. ఈ పిట్ట ఎండలు ముదిరినప్పుడు పాడుతుందండి, పాటని పట్టుకుని వెళితే దొరుకుతుంది, చలికాలంలో దాదాపు నోరు విప్పదు అని చెప్పి చూశాను. "పాట మనకెందుకమ్మా, మన పిల్లలు పాడతారు" అన్నారు.

ఫొటో తీసే బాధ్యత కామర్స్ లెక్చరర్‌కి పడింది. ఆయన ఆదివారాల్లో, ముహూర్తాల రోజుల్లో తన మేనమామ స్టూడియో తరఫున పెళ్లిళ్లకి ఫొటోలు తీసేవారు. (ఈ కామర్స్ గారే తర్వాత మా ఆయన. ముందే చెప్పేస్తున్నాను. దాచిపెట్టి చివర్లో చెప్పేంత విశేషం కాదు.) కాకికీ కోకిలకీ తేడా తెలియని మనిషి. తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గుపడని మనిషి కూడా. "మేడమ్, ఆ పిట్ట ఎటువైపు నిలబడితే బాగా పడుతుందండీ?" అని నన్ను అడిగారు. అది నిలబడదండి అని చెప్పాను. "అయితే మొన్నటి పెళ్లిలో పెళ్లికొడుకు లాంటిదేనండి" అన్నారు. ఆ పెళ్లికొడుకు ఎవరో, ఎందుకు నిలబడలేదో నేను అడగలేదు.

ఆదివారం తెల్లవారేసరికి బస్సు ముందు ఫ్లెక్సీ కట్టి ఉంది. మూడొంతులు కరస్పాండెంట్ గారు, చేతులు జోడించి. కింద మూలన పిట్ట. పొట్ట పసుపు, వీపు నీలం, తోక బారెడు, ముక్కు కొబ్బరికాయ కొట్టేలా ఉంది. దక్షిణ అమెరికా చిలక. 'మారేడుమిల్లి అడవులలో అపురూప పక్షిని కనుగొన్న మా కళాశాలకు శుభాకాంక్షలు' అని రాసి ఉంది. మేమింకా బస్సెక్కలేదు.

"సార్, ఇది మన పిట్ట కాదండి."

"తెలుసమ్మా. నువ్వు చెప్పిన రంగు వేయిస్తే ఫ్లెక్సీ మీద మరకలా ఉంది. ఫ్లెక్సీ కుర్రాడు ఇది బాగుంటుందన్నాడు."

"ఇది మన దేశంలోనే ఉండదండి."

"అందుకే కదా అరుదు" అన్నారు, నా తెలివితక్కువతనానికి కాస్త నొచ్చుకుని.

కోరుకొండ దగ్గర బస్సు ఆపి, కింద నుంచే కొండ మీద నరసింహస్వామికి దణ్ణం పెట్టుకున్నాం. రంపచోడవరం దాటాక ఘాట్ రోడ్డు మొదలైంది. బస్సులో వెనక సీట్లన్నీ గుండిగలు, అరిటాకుల కట్టలు. వాటి పైన ఒక పెద్ద ఉసిరి కొమ్మ. అడవిలో ఉసిరి చెట్టు దొరక్కపోతే పాతి దాని కింద భోంచేయడానికి ఇంటి దగ్గరే విరిచి తెచ్చారు. చెట్లున్న చోటికి చెట్టు మోసుకెళ్లే జాగ్రత్త మా వాళ్లకి ఉన్నట్టు ఇంకెవరికీ ఉండదు. మారేడుమిల్లిలో రోడ్డు పక్కన బొంగులో చికెన్ కాలుస్తుంటే, కార్తీక మాసం గనక బస్సంతా కిటికీల అద్దాలు మూసుకుంది. విద్యార్థుల మొహాల్లో నేను చూసిన నిజమైన దుఃఖం ఆ రోజుకి అదొక్కటే.

వాగు ఒడ్డున కొందరు వంట మొదలెడితే, మిగిలినవాళ్లం నా వెనక వరసగా అడవిలోకి నడిచాం. నేను ఆగి, వెనక ఉన్న కరస్పాండెంట్ గారితో మెల్లగా, "నిశ్శబ్దంగా రావాలండి" అన్నాను. ఆయన వెనక్కి తిరిగి, "ఏమండోయ్, మాట్లాడొద్దంటున్నారు మేడమ్ గారు" అన్నారు. ఆయన వెనకాయన, "ఆయ్" అని ఒప్పుకుని, తన వెనకాయనతో, "మాట్లాడకూడదంటండి" అన్నాడు. అలా ఆ మాట మర్యాదగా, ప్రతి నోటికీ కాస్త పెరుగుతూ, వరస చివరికి చేరింది. చివరనున్న వాళ్లు "ఏంటండీ" అని కేకేశారు. "మాట్లాడొద్దంటండీ" అని ముందువాళ్లందరూ కలిసి చెప్పారు. మా వైపు మర్యాదలో ఉన్న ఇబ్బంది ఇదే. చెప్పిందానికి బదులు చెప్పకుండా ఊరుకోవడం అమర్యాద. ఆ ఉదయం ఆ కొండలో రెక్కలున్నదేదీ మాకు మిగల్లేదు. ఒక సీతాకోక చిలుకని చూసి కరస్పాండెంట్ గారు, "ఇది పనికిరాదా అమ్మా" అని అడిగారు.

ఇంతలో ఒడ్డు నుంచి పులిహోర పోపు వాసన వచ్చింది. వాసన వచ్చాక మా జిల్లాలో ఎవర్నీ ఏ శాస్త్రమూ ఆపలేదు. అందరూ వెనక్కి తిరిగారు. "నువ్వుండి చూడమ్మా. కామర్స్, నువ్వు కూడా ఉండు. దొరికితే ఒక కేక వెయ్యండి, ఫ్లెక్సీ పట్టుకొచ్చేస్తాం" అని కరస్పాండెంట్ గారు వెళ్లిపోయారు.

మేమిద్దరం ఒక వెదురు పొద ఎదురుగా నేల మీద కూర్చున్నాం. కదలొద్దని చెప్పాను. ఆయన కదల్లేదు. మాట్లాడొద్దని చెప్పాను. ఆయన "ఆయ్" కూడా అనలేదు. కాలేజీ మొత్తం మీద బదులు చెప్పకుండా ఊరుకోగల మనిషి ఒకరున్నారని అప్పుడే తెలిసింది. పాట లేనప్పుడు ఈ పిట్టని చెవితో వెతకడానికి ఒకటే దారి. ఎండుటాకుల చప్పుడు. గాలికి కదిలే ఆకులు అన్నీ కలిసి కదులుతాయి. ఇది తిరగేసే ఆకులు ఒకటి తర్వాత ఒకటి కదులుతాయి. చాలాసేపు ఏమీ లేదు. కాళ్లు తిమ్మిరెక్కాయి. వాగు వైపు నుంచి ఎవరో అప్పడాలు సరిపోలేదని గోల పెడుతున్నారు. ఇక లేద్దామనుకుంటుండగా వెదురు మొదట్లో ఒక ఆకు తిరగబడింది. ఆగింది. ఇంకొకటి తిరగబడింది.

వచ్చింది. ఎలుకలా నడిచి వచ్చింది. పుస్తకంలో రాసినవి ఒక్కొక్కటే సరిచూసుకోవాలని అనుకున్నాను గానీ, నా బుర్రలోకి పుస్తకం రాలేదు, మా అన్నయ్య కొట్టు వచ్చింది. తల జాజికాయ రంగు. వీపు వక్కపొడి. గొంతు హాఫ్ వైట్. రొమ్ము దగ్గర హాఫ్ వైట్ మీద గోధుమ గీతలు, వాయిల్ ప్రింటులా. కాళ్లు లేత గులాబీ. ఏ రంగు పక్కన ఏ రంగు ఉంటే ఆ పిట్ట అవుతుందో, నేను జాకెట్టు ముక్క కలిపినట్టు కలిపాను. అన్నీ కలిశాయి. పక్కన కెమెరా మెల్లగా క్లిక్కుమంది. పిట్ట ఒకసారి తలెత్తి మా వైపు చూసి, మేము అంత ముఖ్యమైనవాళ్లం కాదని తేల్చుకుని, పొదలోకి నడిచి వెళ్లిపోయింది. నేను కేక వెయ్యలేదు. పోస్టు గుర్తు రాక కాదు. ఆ కాస్త సేపూ అక్కర్లేదనిపించింది.

వాగు ఒడ్డున కరస్పాండెంట్ గారు ఎడమ చేత్తో కెమెరా పట్టుకుని ఫొటో చూశారు. కుడి చేతిలో గారె ఉంది.

"ఇదేంటమ్మా, ఎలుకా?"

"పిట్టేనండి. ఇదే ఆ పిట్ట."

"ఫ్లెక్సీలో ఉన్నది ఇది కాదుగా."

"ఫ్లెక్సీలో ఉన్నదే తప్పండి."

ఆయన నా వైపు జాలిగా చూశారు. "సెంటర్లో రెండు, కాలేజీ గేటు దగ్గర ఒకటి కట్టేశాం తల్లీ. ఇప్పుడు పిట్టని మార్చడం కుదురుతుందా? కమిటీ వచ్చినప్పుడు నువ్వేం చెప్పక్కర్లేదు. ఇదే చూశారా అంటారు. ఆయ్ అను. చాలు. ఆ సాయంత్రమే నీ ఆర్డరు టైపు చేయిస్తాను."

ఒక్క 'ఆయ్'. మేము పుట్టిన దగ్గర్నుంచీ రోజంతా అనే మాటే. ఎదుటివాళ్లు చెప్పింది వినకపోయినా అంటాం. కమిటీ వచ్చే రోజు పొద్దున్న అద్దం ముందు నిలబడి అన్నాను కూడా. బాగానే వచ్చింది. "ఎవరితో మాట్లాడుతున్నావే" అని మా అన్నయ్య పక్క గదిలోంచి అడిగాడు.

కమిటీ వారికి ముందు భోజనం పెట్టారు. పనసపొట్టు కూర, పెరుగావడలు, కాజాలు, పూతరేకులు. ఆ తర్వాత ప్రకృతి విభాగానికి తీసుకొచ్చారు. ప్రకృతి విభాగం అంటే స్టాఫ్ రూములో ఆ ఫ్లెక్సీ, దాని కింద నేను. పిట్టలంటే ఇష్టమన్న సభ్యుడు కళ్లు సగం మూసి దాన్ని చాలాసేపు చూశారు. ఆయన కాలేజీ యాజమాన్యాన్ని చూస్తున్నారో, చిలకని చూస్తున్నారో తెలియలేదు.

"ఎంత అందంగా ఉందండీ. మీరు కళ్లారా చూశారా మేడమ్?"

కరస్పాండెంట్ గారు నా వైపు చూశారు. వెనక ప్రిన్సిపాల్ చూశారు. అద్దం ముందు వచ్చిన మాట అక్కడ రాలేదు. నేనేదో సత్యం కోసం నిలబడ్డానని అనుకోకండి. ఆ చిలక మొహం చూస్తే నాకు ఒళ్లు మండింది, అంతే. రంగు తప్పు ఇచ్చి పంపిస్తే రేపు మళ్లీ కొట్టుకొచ్చి పోట్లాడతారని చిన్నప్పట్నుంచీ నేర్చుకున్నదాన్ని.

"చూసింది ఇది కాదండి. ఇది వేరే దేశపు చిలక. నేను చూసింది ఇంతే ఉంటుందండి. వక్కపొడి రంగు."

బ్యాగులో పెట్టుకున్న ఫొటో తీసి ఇచ్చాను. ఆయన దూరంగా పెట్టి చూశారు, దగ్గరగా పెట్టి చూశారు.

"ఇందులో పిట్ట ఎక్కడుంది?"

వేలు పెట్టి చూపించాను.

"ఓహో. ఆకనుకున్నాను."

కరస్పాండెంట్ గారు తేరుకుని, "ఫొటో తీసిన మనిషి ఇక్కడే ఉన్నారండి. కామర్స్, నువ్వు చెప్పవయ్యా, ఏ పిట్టని చూశావు?" అన్నారు. నా ప్రాణం లేచొచ్చింది. కామర్స్ గారు చేతులు కట్టుకుని, "నాదేముందండి. మేడమ్ గారు చూసిందే నేను తీశానండి" అన్నారు.

ఇటూ కాదు, అటూ కాదు. ఆ క్షణాన ఆయన్ని చంపేద్దామనిపించింది. సభ్యుడు గారు మాత్రం తృప్తి పడి, "రెండూ బాగున్నాయి" అని, కంప్యూటర్ ల్యాబ్ వైపు నడిచారు. తర్వాత వచ్చిన నివేదికలో ఈ కళాశాల జీవవైవిధ్యంలో విశేష కృషి చేస్తోందని రాశారట. ఆయనకి పిట్టలంటే ఇష్టమని కరస్పాండెంట్ గారికి ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు.

సాయంత్రం కరస్పాండెంట్ గారు నన్ను తిట్టలేదు. టీ ఇప్పించారు. "నువ్వు చాలా చదువుకున్నదానివమ్మా. మా కాలేజీ చిన్నది. నీకు సరిపోదు" అన్నారు. రేపట్నుంచి రానక్కర్లేదని చెప్పడానికి ఇంతకంటే గౌరవమైన దారి మా జిల్లాలో కూడా లేదు.

బస్టాపులో నిలబడితే కామర్స్ గారు వచ్చి పక్కన నిలబడ్డారు. నేనే అడిగాను.

"నేను కూడా చూశానండి అని ఒక్క ముక్క చెప్పొచ్చు కదండీ."

"చూడలేదు కదండీ."

"ఏంటి చూడలేదు? ఫొటో తీశారు కదా."

"తీశానండి. పిట్ట నాకు కనబడలేదు."

"కనబడకుండా ఎలా తీశారండీ?"

ఆయన తప్పు చేసినవాడిలా మొహం పెట్టి చెప్పారు. "పెళ్లిలో తాళి కట్టేటప్పుడు తాళి వైపు చూస్తే ఆలస్యమైపోద్దండి. అందుకని పెళ్లికూతురు తల్లి మొహం చూస్తాను. ఆవిడ మొహం మారుతుంది చూడండి, అప్పుడు నొక్కాలి. అడవిలోనూ అంతేనండి. మీరు ఎటు చూస్తుంటే కెమెరా అటు పెట్టాను. మీ మొహం మారింది. నొక్కాను. ఆ ఫొటోలో పిట్ట ఏదో మీరిందాక కమిటీ ఆయనకి వేలు పెట్టి చూపిస్తే చూశాను."

నా మొత్తం కేసులో ఉన్న ఒకే ఒక్క సాక్షి ఈయన. ఉద్యోగం పోయినందుకు రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

ఆ తర్వాత మా అన్నయ్య నన్ను పీహెచ్‌డీ గారూ అని పిలుస్తూ కొన్నాళ్లు తాన్లు దింపించాడు. ఇంకొన్నాళ్లకి వేరే కాలేజీలో పోస్టు దొరికింది, దానికి పిట్టలతో సంబంధం లేదు. కామర్స్ గారితో మారేడుమిల్లికి ఆ పైన చాలాసార్లు వెళ్లాను. ఎండల్లో వెళ్లి పాట విన్నాం, పాటని పట్టుకుని పొద దాకా వెళ్లాం. ఆకు తిరగబడినప్పుడల్లా నేను చేత్తో చూపించేదాన్ని. "ఆయ్, భలే ఉందండి" అనేవారు ఆయన, పొరపాటున కూడా పొద వైపు చూడకుండా. కళ్లజోడు మార్పించాను. బైనాక్యులర్లు కొన్నాను. ఒకసారి విసుగెత్తి తల పట్టుకుని అటు తిప్పాను. కనబడలేదు. పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక, జుట్టు నెరిశాక కూడా ఆయన దాన్ని చూడలేదు. ఈ కార్తీకంలో ఒక్కదాన్నే వెళ్లాను. పిట్ట వచ్చింది, ఆకులు తిరగేసుకుంది, పోయింది. అది బాగానే ఉంది.

ఉద్యోగం పోయిన ఆ సాయంత్రం బస్సొచ్చింది. సగం ఖాళీ. ఆయన ఒక సీటు చూపించి, కూర్చోండి మేడమ్ అన్నారు. పిట్టని చూడని మనిషి చూపించిన సీట్లో కూర్చోవడమా అని నేను రాడ్డు పట్టుకుని రాజమండ్రి దాకా నిలబడే వెళ్లాను, వీపు ఆయన వైపు పెట్టి. నేను నిలబడితే తను కూర్చోవడం బాగోదని ఆయన కూడా నిలబడ్డారు. కండక్టరు రెండుసార్లు మా ఇద్దర్నీ, ఖాళీ సీట్లనీ చూసి వెళ్లాడు. బస్సు గుంటలో పడ్డప్పుడల్లా ఊగిపోతూ, మొహం గంటు పెట్టుకుని, ఈ లోకంలో తనకంటే అన్యాయం జరిగినవాళ్లు లేరని గట్టిగా నమ్ముతూ నిలబడి ఉన్న ఆ అమ్మాయిని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. భుజం మీద చెయ్యేసి, కూర్చోవే తల్లీ, ఆయన్ని కూడా కాస్త కూర్చోనీ అని చెప్పాలనిపిస్తుంది.